ఏఐనీ క్రిప్టోనీ ఏలబోయేవారికి ఉచిత సలహాలు

ప్రపంచంలో పెద్దలందరూ ఇప్పుడు రెండు తగువుల మీద పడ్డారు. మనిషిలా మాట్లాడే యంత్రాన్ని ఎవరు అదుపు చెయ్యాలన్నది ఒకటి. చేతికి తగలని డబ్బును ఎవరు పుట్టించాలన్నది రెండోది. అమెరికాది ఒక దారి, చైనాది ఇంకో దారి, ఐరోపాది మూడో దారి. ఢిల్లీది ఏ దారో ఢిల్లీకే ఇంకా తేలలేదు. ఇలాంటప్పుడు సలహా చెప్పడానికి గోదావరి జిల్లాలవాళ్లకు మించిన అర్హులు లేరండి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ అంత పెద్ద నదిని పట్టి, మూడు కాలువల్లోకి మళ్లించి, ఎవరి పొలానికి ఎన్నాళ్లు నీళ్లో తేలుస్తూ బతుకుతున్నాం. ఇప్పుడున్న బ్యారేజీకి 175 తలుపులు. తలుపు ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది మాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య.

అందుకని రేపో మాపో అమరావతిలోనో ఢిల్లీలోనో ఏఐ కమిటీలో కుర్చీ దొరకబోయే పెద్దల కోసం ఈ నాలుగు ముక్కలూ. పైసా తీసుకోను. పాటించాక వచ్చే ఫలితాలకు పూచీ కూడా తీసుకోను.

అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసింది, గేజి పాతకూడదు. ధవళేశ్వరంలో జరిగిన పొరపాటు అదే. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలూ లంక గ్రామాల్లో పశువుల కాపరికి కూడా కంఠతా వచ్చు. దానివల్ల అధికారికి సొంత వివేకం చూపించే వీలే లేకుండా పోయింది. గేజి 11.75 పలికిందంటే హెచ్చరిక ఇచ్చి తీరాలి. ఎమ్మెల్యేగారింట్లో పెళ్లున్నా ఆగదు, పైనుంచి ఫోనొచ్చినా ఆగదు. దానికి తోడు ఆ పూట డ్యూటీలో ఎవరున్నారో రిజిస్టరులో పేరుంటుంది. ఏలేవాడి ఆరోగ్యానికి ఇంత బహిరంగం మంచిది కాదు.

ఐరోపావాళ్లు సరిగ్గా ఇందులోనే ఇరుక్కున్నారు. వాళ్ల ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. ఏ పని బొత్తిగా కూడదు, ఏ పనికి తనిఖీలుండాలి, ఏ పని జనానికి చెప్పి చెయ్యాలి అని అరలు అరలుగా విడగొట్టారు. మనిషి నడవడికి మార్కులు వేసి, ఆ మార్కుల్ని బట్టి మంచిచెడ్డలు చూసే పద్ధతుల్ని 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించారు. తప్పితే మూడున్నర కోట్ల యూరోలు గానీ కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవరులో 7 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది జరిమానా. ఆఖరికి, ఒక మోడల్‌ను తయారుచెయ్యడానికి కంప్యూటర్లు వేసిన లెక్కలు 1 పక్కన 25 సున్నాలు దాటితే దాన్ని ప్రత్యేకంగా కనిపెట్టి ఉండాలని అంకె కూడా రాసేశారు. గేజి పాతినట్టేగా! కంపెనీలు గోలపెడుతుంటే, ప్రమాదం ఎక్కువున్న వాటి నిబంధనల్ని వెనక్కి జరుపుదామని 2025 నవంబరులో వాళ్లే ప్రతిపాదించుకున్నారు. గేజి ఉన్నచోట ఇదే తంటా. నీరు పెరిగినప్పుడల్లా ఆ గీతను పైకి జరపమని ఎవడో ఒకడు కాగితం పట్టుకుని వస్తాడు. అసలు గీతే లేకపోతే జరిపే శ్రమే ఉండదు.

మన ఢిల్లీ లౌక్యం చూడండి. 2024 ఫిబ్రవరిలో గూగుల్ చాట్‌బాట్ ప్రధానిగారి గురించి చెప్పిన జవాబు ఒకటి రచ్చకెక్కింది. మార్చి 1న ఐటీ శాఖ ఒక అడ్వైజరీ ఇచ్చింది, పూర్తిగా పరీక్షించని ఏఐ మోడళ్లను జనంలోకి వదలాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలని. మార్చి 15న ఆ అనుమతి మాట తీసేసి ఇంకొకటి ఇచ్చింది. రెండు వారాల్లో తలుపు దించడమూ అయింది, ఎత్తడమూ అయింది. దించినందుకు అదుపు చేశామని, ఎత్తినందుకు స్టార్టప్‌లకు ఊతమిచ్చామని చెప్పుకోవచ్చు. 2025 నవంబరులో మార్గదర్శకాలు వచ్చాయి. ప్రస్తుతానికి ప్రత్యేక చట్టం అక్కర్లేదన్నారు, ఏడు సూత్రాలు చెప్పారు. పెళ్లికి ఏడడుగులు, ఏఐకి ఏడు సూత్రాలు. నమ్మకం, న్యాయం, జవాబుదారీ లాంటి మంచిమాటలన్నీ అందులో ఉన్నాయి. అంకెలు లేవు. మీరు కూడా ఇదే ఒరవడిలో వెళ్లండి.

ఇక యంత్రానికి పని అప్పగించాక దాని మాటకు తిరుగులేదని దండోరా వేయించాలి. ఇందులో మనకు పొరుగునే మంచి పాఠం ఉంది. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ పెట్టారు. అనేక శాఖల రికార్డులు ఒకచోటికి చేర్చి, పేర్లూ చిరునామాలూ పోల్చి, ఎవరికి ఇల్లుంది, ఎవరికి బండి ఉంది అని చెప్పేస్తుంది. బ్రహ్మాండమైన తెలివి. ఆ తెలివితోనే, రిక్షా తొక్కి బతికి చనిపోయిన ఒకాయనకు కారుందని తేల్చింది. కారున్నది ఆయన పేరును పోలిన పేరున్న ఇంకొకాయనకు. రిక్షా ఆయన భార్యకు రేషను దక్కలేదు. రాష్ట్రంలో రద్దయిన 19 లక్షల పైచిలుకు కార్డుల్ని మనుషుల్ని పంపి మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మనుషుల్ని పంపడమట! పంపేపనైతే యంత్రమెందుకండీ?

ఇలాంటి యంత్రానికి మా డెల్టా కన్నా మంచి మేత ఇంకెక్కడా దొరకదు. అన్నవరం దేవుడి పుణ్యమా అని వీధికి ముగ్గురు సత్యనారాయణలు. వీర్రాజులు, నూకరాజులు, సూర్యారావులు లెక్కకు అందరు. తాత పేరు మనవడికి పెట్టడం మన ఆచారం కనక ఇంటిపేరూ ఒకటే, పేరూ ఒకటే. ఒక సత్యనారాయణగారికి అయిదెకరాల రొయ్యల చెరువు. ఇంకో సత్యనారాయణకి అయిదు కొబ్బరిచెట్లు. యంత్రం ఇద్దర్నీ కలిపి ఒక్క సత్యనారాయణను చేస్తుంది. చెరువున్నాయనకు అందువల్ల వచ్చిన నష్టమేమీ లేదు. కొబ్బరిచెట్లాయన పింఛను ఆగిపోతుంది. ఇంక మన రాష్ట్రంలో ఆరంచెల పరిశీలన ఎలాగూ ఉండనే ఉంది. భూమి, కారు, ఆదాయపు పన్ను, సర్కారు ఉద్యోగం, పట్నంలో ఇల్లు, కరెంటు వాడకం. నెలకు 300 యూనిట్లు దాటితే స్థితిమంతుడి కింద లెక్క. ఒకే మీటరు మీద ముగ్గురు అన్నదమ్ముల కాపురాలుంటే ముగ్గురూ స్థితిమంతులే.

ఆ కొబ్బరిచెట్ల పెద్దాయన అర్జీ పట్టుకుని గ్రామ సచివాలయానికి వస్తాడు. "బాబూ, నాకు చెరువు లేదయ్యా" అంటాడు. "మీకు లేదు తాతగారూ, సిస్టమ్‌కి ఉంది" అని చెప్పి పంపెయ్యాలి. ఆ తప్పు ఎవరు దిద్దాలో, ఎన్నిరోజుల్లో దిద్దాలో, దిద్దేదాకా పింఛను నడవాలో ఆగాలో ఎక్కడా రాసిపెట్టకండి. రాస్తే మళ్లీ గేజి పాతినట్టే అవుతుంది.

(భూమి రికార్డులకు బ్లాక్‌చెయిన్ అనే మాట మన రాష్ట్రంలో 2017లోనే వినపడింది. దాని గొప్పతనం ఏమిటంటే, ఒకసారి ఎక్కించినదాన్ని ఎవరూ చెరపలేరు. అడంగల్‌లో తప్పుపడిన పేర్లు దిద్దకుండానే అందులోకి ఎక్కించేస్తే ఆ తప్పును ఇక తహసీల్దారుగారు కాదు కదా, ఆయన తాత దిగొచ్చినా కొట్టెయ్యలేరు.)

డబ్బు సంగతికి వద్దాం. యూపీఐకీ డిజిటల్ రూపాయికీ తేడా ఏమిటో జనానికి చెప్పొద్దు. 2025 ఆగస్టులో ఒక్క నెలలో యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. రాజమండ్రి మెయిన్‌రోడ్డులో టీకొట్టు మీది స్పీకరు పెట్టె "పది రూపాయలు అందాయి" అని అరిచినప్పుడల్లా జనం అదే డిజిటల్ రూపాయి అనుకుంటున్నారు. అనుకోనివ్వండి. నిజానికి యూపీఐలో కదిలేది బ్యాంకు ఖాతాలో సొమ్ము, అంటే బ్యాంకు మనకు బాకీ ఉన్న డబ్బు. రిజర్వు బ్యాంకు 2022 నవంబరు 1న పెద్ద లావాదేవీలకూ డిసెంబరు 1న మామూలు జనానికీ ప్రయోగంగా వదిలిన ఈ-రూపాయి అలా కాదు. అది సాక్షాత్తూ రిజర్వు బ్యాంకు నోటే, కాగితం ఒక్కటే లేదు. 2025 మార్చి నాటికి చెలామణీలో ఉన్నది 1,016 కోట్ల రూపాయలు. మన దేశంలో చేతులు మారే డబ్బు ముందు ఇది ఏ మూలకూ రాదు. కానీ ఈ తేడా తెలిసిందంటే, "నోటైతే నేను ఎవరికిచ్చానో ఎవరికీ తెలియదు, దీనికి తెలుస్తుందా?" అని ఏ టీకొట్టాయనో అడిగేస్తాడు. ఆ ప్రశ్న పుట్టకుండా చూసుకోవాలి.

ఈ-రూపాయిలో అసలు ఆకర్షణ వేరే ఉంది. దానికి బుద్ధులు నేర్పవచ్చు. ఫలానా సరుకుకే, ఫలానా తేదీలోపే, ఫలానా చోటే చెల్లేట్టు బిగించవచ్చు. ఒడిశాలోనూ మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎంపికచేసిన చోట్ల కౌలు రైతులకు ఇలాంటి డిజిటల్ రూపాయల్లో అప్పులిచ్చే ప్రయోగాన్ని స్టేట్ బ్యాంకు చేపట్టిందని రిజర్వు బ్యాంకే రాసుకుంది. ఇచ్చిన సొమ్ము విత్తనాలకూ ఎరువులకూ మాత్రమే ఖర్చవుతుంది, బ్యాంకుకు ధైర్యం, కాగితాల బెడద లేకుండా అప్పు. ఉద్దేశం మంచిదే. మంచి ఉద్దేశాన్ని ఎలా పాడుచెయ్యాలో తెలియాలంటే డెల్టా గురించి కొంచెం తెలియాలి.

ఇక్కడ వరిచేలో దిగేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లే. ఎకరానికి ఇన్ని బస్తాలని మక్తా ముందే ఒప్పుకుంటారు. తుఫానొచ్చి చేను పడుకున్నా ఒప్పుకున్న బస్తాలు పడుకోవు. 2019 నాటి చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. పెడితే రేపు భూమి మీద హక్కంటాడేమోనని ఆయన పెట్టడు. పత్రం లేకపోతే బ్యాంకు అప్పు పుట్టదు, పంట పోతే పరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. కౌలుదారు ఎరువుల కొట్టుకో కమీషన్ వ్యాపారి గడపకో వెళ్లి, పంట కోశాక ఆయనకే తోలతానని ఒప్పుకుని సరుకు తెచ్చుకుంటాడు.

కనక చెయ్యవలసిందేమిటంటే, సంతకం జోలికి వెళ్లకుండా రూపాయిని మాత్రం గట్టిగా బిగించాలి. కౌలుదారు రూపాయి యూరియాకు చెల్లాలి. కూతుర్ని పురిటికి కాకినాడ తీసుకెళ్తే చెల్లకూడదు. నాట్ల కూలీలకు చెల్లకూడదు, అదీ సాగుఖర్చేనని వాళ్లు మొత్తుకున్నా సరే. ఏ కొట్లలో చెల్లుతుందో ఒక జాబితా కావాలి కదా, ఆ జాబితా రాసే కమిటీలో మన బావమరిది ఉండేట్టు చూసుకోవాలి. గడువు కూడా పెట్టాలి. జూన్‌లో రావలసిన కాలువనీరు ఆలస్యమై, నారుమడి వేసేలోగా రూపాయి గడువు తీరి చచ్చిపోతే అది రైతు క్రమశిక్షణ లేకపోవడం కింద రాసుకోవాలి. మక్తా సొమ్ము మాత్రం యజమానికి నోట్ల కట్టల్లోనే ముట్టాలి. ఆ నోట్లకు ఏ బుద్ధులూ నేర్పకూడదు. అవి హైదరాబాదులో ఫ్లాటు కొన్నా, సంక్రాంతికి బరిలో దిగినా అడిగే ప్రోగ్రాము ఎవరూ రాయలేదు, రాయరు కూడా. ఈ షరతులేవీ రిజర్వు బ్యాంకు పెట్టినవి కావండోయ్. నా సొంత బుర్రలో పుట్టినవి. కమిటీలు తలుచుకుంటే ఇంతకన్నా మెరుగ్గానే చేస్తాయి.

క్రిప్టో విషయంలో కొత్తగా నేర్పవలసింది ఏమీ లేదు, పెద్దలు ఇప్పటికే ఆరితేరారు. పన్ను వెయ్యాలి, పేరు పెట్టకూడదు. 2018 ఏప్రిల్‌లో బ్యాంకులు క్రిప్టో ముట్టరాదని రిజర్వు బ్యాంకు అంది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2021 శీతాకాల సమావేశాల జాబితాలో ఒక బిల్లు పేరు కనపడింది, సభలోకి మాత్రం రాలేదు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, జూలై నుంచి చేతులు మారినప్పుడు 1 శాతం టీడీఎస్. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని ఇంకో నాణెం లాభంలో మినహాయించుకోనివ్వరు. ఇంతకీ ఇది చట్టబద్ధమైన వ్యాపారమేనా అంటే నవ్వి ఊరుకుంటారు. 2023 మార్చిలో మనీలాండరింగ్ చట్టం కిందికి తెచ్చారు. దొంగసొమ్ము ఇటు వస్తే పట్టుకోడానికి ఏర్పాటైంది. మన సొమ్ము అటు పోతే వెనక్కిప్పించే ఏర్పాటు మాత్రం లేదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టోను దొంగలు ఊడ్చుకుపోయినప్పుడు ఆ సంగతి దేశమంతటికీ తెలిసింది. ఆ దొంగతనంలోంచే పుట్టిన ఒక వివాదంలో 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు, క్రిప్టో కూడా ఆస్తేనని తేల్చింది. పార్లమెంటు చెప్పవలసిన మాట కోర్టు చేత చెప్పించడం ఖర్చులేని పద్ధతి, కొనసాగించండి. మీ ఊళ్లో ఎవరైనా కల్యాణమండపం అద్దెకు తీసుకుని, టై కట్టుకుని, నెలకు పది శాతం ఇచ్చే నాణెం అని ఉపన్యాసం మొదలెడితే ఆపొద్దు. ముందువరసలో కూర్చోండి. మీరు కూర్చున్నారనే మిగతావాళ్లు కడతారు.

అగ్రరాజ్యాల పోటీ అనే పెద్ద విషయం ఒకటుంది. ఇందులో సూత్రం చాలా చిన్నది. శివారు రైతు నోరెత్తకూడదు.

దాళ్వాకు, అంటే రెండో పంటకు, గోదావరిలో నీళ్లు చాలనప్పుడు మనకు వంతులవారీ పద్ధతి ఉంది. కాలువ మొదట్లో ఉన్నవాడు రాత్రిపూట ఇంజను పెట్టి తోడేస్తాడు, శివారులో ఉన్నవాడు మొగల్తూరు వైపో కోనసీమ కొసనో ఎండి బీటలు వారిన చేలో నిలబడి చూస్తాడు. అయినా వాడికి ఐఏబీ సమావేశం, అంటే నీటిపారుదల సలహా మండలి సమావేశం, అని ఒకటి ఉంది. కలెక్టరుగారు కూర్చుంటారు, నీటి సంఘాలవాళ్లు లేచి అరుస్తారు, తిట్టుకోడానికైనా ఒక చోటు, ఒక తేదీ ఉంటాయి. ప్రపంచంలో చిప్పులకూ డాలర్లకూ ఆ పాటి సమావేశం కూడా లేదు. 2022 అక్టోబరు నుంచి అమెరికా మేలురకం చిప్పుల్ని చైనాకు వెళ్లకుండా కట్టడిచేసింది. 2025 జనవరిలో దేశాలన్నిటినీ మూడు వరసల్లో నిలబెట్టింది. మొదటి వరసలో 18 దేశాలు, వాటికి కావలసినన్ని. మనది రెండో వరస, కొలిచి పోస్తామన్నారు. మేలో అక్కడి కొత్త ప్రభుత్వం ఆ వరసలన్నీ రద్దుచేసింది. పెట్టేటప్పుడు మనల్ని అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు. మన ప్రభుత్వం 2024 మార్చిలో 10,372 కోట్లతో ఇండియా ఏఐ మిషన్ పెట్టి, చిప్పులు తెప్పించి పరిశోధకులకు చౌకగా అద్దెకిస్తోంది. మంచి పనే. ఇంజను మనది, కాలువ ఎవరిదో అని మాత్రం గుర్తుచెయ్యకండి.

డబ్బులోనూ అంతే. 2025 జనవరి 23న ప్రభుత్వ డిజిటల్ డాలరు వద్దని ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. జూలై 18న, డాలర్ల దన్నుతో ప్రైవేటు కంపెనీలు వదిలే స్టేబుల్‌కాయిన్లకు చట్టం చేశారు. చైనా 2021 సెప్టెంబరులో ప్రైవేటు క్రిప్టోను మొత్తంగా నిషేధించి, సర్కారీ డిజిటల్ యువాన్‌ను తోస్తోంది. చూడ్డానికి తూర్పూ పడమరా. ఎత్తు ఒక్కటే, పొరుగువాడి సంతలో కూడా తమ డబ్బే చెల్లాలి. ఇది మాకు కొత్తేం కాదు లెండి. మమ్మల్నేలిన తూర్పు చాళుక్యుల బంగారు నాణేలు అవతలి ఒడ్డున అరకాన్ తీరంలో దొరికాయి. వెయ్యేళ్లనాడు ఆ సంతలో మన డబ్బు చెల్లింది. ఇప్పుడు భీమవరం, ఉండి, ఆకివీడు చెరువుల్లో రొయ్యకు ధర పలికేది డాలర్లలో. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచగానే ఇక్కడ చెరువుగట్టు మీద కొనేవాడు ముఖం చాటేశాడు.

నరసాపురం, రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్‌కీ మస్కట్‌కీ వెళ్లి పరాయి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లున్నారు. వాళ్లు పంపే సొమ్ములో దారిపొడుగునా కోతలే. ఆ కోత తగ్గించే ఏర్పాటు సర్కార్లు సర్కార్లతో మాట్లాడుకుని చెయ్యవచ్చు. సింగపూరుతో 2023 ఫిబ్రవరిలో యూపీఐని కలిపారు కూడా. కానీ సింగపూరులో ఉన్నది ఇంజనీర్లు, కువైట్‌లో ఉన్నది వంటమనిషి. ఆవిడకు స్టేబుల్‌కాయిన్ కొనుక్కోమని మీరే సలహా ఇవ్వండి. పాస్‌వర్డ్ మరిచిపోతే ఎవరినడగాలో, రాజోలులో దాన్ని రూపాయిగా మార్చేవాడు ఎంత నొక్కుతాడో, ఆ మార్చినందుకు పన్నువాళ్లు ఏమడుగుతారో తరవాత చూసుకోవచ్చు.

నీళ్ల మాట ఎత్తాం కనక ఇంకొక్కటి. 2025 అక్టోబరు 14న విశాఖపట్నంలో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ ప్రకటించింది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, గిగావాట్ స్థాయి డేటా సెంటర్. ఉద్యోగాలొస్తాయి, పేరొస్తుంది, సంతోషించాలి. నేనూ సంతోషించాను. అయితే డేటా సెంటర్ వేడెక్కుతుంది, చల్లార్చాలి. పోలవరం ఎడమకాలువ మీద విశాఖ తాగునీటికీ పరిశ్రమలకూ 23.44 టీఎంసీలు ఇవ్వాలన్నది ఎప్పట్నుంచో ప్రాజెక్టు లెక్కల్లో ఉంది. ఆ యంత్రాలను చల్లార్చేది సముద్రపు నీళ్లా, వాడిన నీళ్లా, గోదావరి నీళ్లా, రోజుకెన్ని, దాళ్వా ఎండినప్పుడు ఎవరి వంతు ముందు అన్నవి అడగదగ్గ ప్రశ్నలే. ఐఏబీ సమావేశంలో ఎవరైనా లేచి అడిగితే అభివృద్ధి నిరోధకుడని కూర్చోబెట్టెయ్యాలి. ఎదురుగా ఆనకట్ట కట్టిన కాటన్ దొర విగ్రహం ఎలాగూ ఉంటుంది, దానికో దండ వేసి సభ ముగించాలి.

నకిలీ వీడియోల మీద ఎక్కువ చెప్పను. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖంతో నకిలీ వీడియో తిరిగింది. రెండు నెలల తరవాత ఢిల్లీ పోలీసులు వచ్చి పట్టుకున్నది గుంటూరు జిల్లా కుర్రాణ్ణి. ఆవిడ అభిమానుల పేజీకి ఫాలోయర్లు పెంచుకోడానికి చేశాడట. మా మొగల్తూరు చిరంజీవిగారు 2025 సెప్టెంబరులో హైదరాబాదు సిటీ సివిల్ కోర్టుకు వెళ్లి తన పేరు, ముఖం, గొంతు అనుమతి లేకుండా వాడరాదని ఉత్తర్వు తెచ్చుకున్నారు. బాగుంది. మొగల్తూరులోనే ఉండిపోయిన ఆడపిల్ల ముఖంతో ఎవడో వీడియో చేస్తే ఆ పిల్ల ఏ కోర్టుకు, ఏ వకీలుతో, ఎవరి డబ్బుతో వెళ్తుందని మాత్రం అడగొద్దు. సబ్ఇన్‌స్పెక్టరుగారు "ఫోన్ ఎందుకు వాడావమ్మా" అంటారు. అదే మన దగ్గర ప్రస్తుతం అమల్లో ఉన్న నియంత్రణ.

సదస్సులు విరివిగా పెట్టండి. 2023 నవంబరులో ఇంగ్లండులో బ్లెచ్లీ, తరవాత సియోల్, 2025 ఫిబ్రవరిలో పారిస్. పారిస్‌లో మన ప్రధాని సహాధ్యక్షులు. అక్కడి ప్రకటన మీద అమెరికా, బ్రిటన్ సంతకం పెట్టలేదు. 2026 ఫిబ్రవరిలో ఢిల్లీ వంతు అయింది. మనమూ రాజమండ్రిలో ఒకటి పెట్టుకోవచ్చు. సంతకాలకు హామీ ఇవ్వలేను గానీ, ఆత్రేయపురం పూతరేకులు పెడితే ఏ దేశమూ మధ్యలో లేచి వెళ్లదు.

ఆఖరిది గోదావరి పుష్కరాల గురించి. 2015 జూలై 14న, మొదటిరోజు, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. మళ్లీ పుష్కరాలు 2027లో. ప్రయాగరాజ్ కుంభమేళాలో 2025లో జనాన్ని లెక్కపెట్టడానికి ఏఐ కెమెరాలు పెట్టారు, అయినా జనవరిలో అక్కడా తొక్కిసలాట జరిగింది, మనుషులు పోయారు. ఇక్కడా కెమెరాలు రావాలి. అందులో నాకు వేళాకోళం లేదు. కానీ ఘాట్‌లో ఎంతమంది దాటితే దారి మూసెయ్యాలో ముందే ఒక అంకె, మూసే అధికారి పేరు ఒకటి కాగితం మీద రాసి గోడకు అంటించి ఉంటే, కెమెరా చెప్పినమాట ఎవరో ఒకరు వినక తప్పదు. మొదటినుంచీ నేను చెబుతున్న పద్ధతికి ఇది పూర్తిగా విరుద్ధం. రాయకండి. కెమెరాలు కొనండి, వాటి ముందు మంత్రిగారితో ఫొటో దిగండి. లక్షలమంది ముఖాలు ఎక్కడ దాస్తారో, ఎన్నాళ్లకు చెరిపేస్తారో, పుష్కరాలయ్యాక వాటిని ఇంకెవరికిస్తారో టెండరు కాగితాల్లో ఒక్క ముక్క కూడా పడకుండా చూడండి.

ఎవరైనా చట్టముంది కదా అంటే ఉంది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. నా సమాచారం మీ దగ్గర ఏముందో చూపించండి, తప్పుంటే దిద్దండి అని అడిగే హక్కు అమల్లోకి వచ్చేది ఆ తరవాత పద్దెనిమిది నెలలకు, అంటే 2027 మేలో. ప్రభుత్వ సంస్థలకు కావలసినప్పుడు మినహాయింపు ఇచ్చుకునే అధికారం అదే చట్టం 17వ సెక్షనులో ఉంది. కుర్చీ దొరికినవాళ్లు మొదట ఆ సెక్షను చదువుకోండి. కుర్చీ దొరకనివాళ్లు కూడా చదువుకోండి.